ఉప్పు గూడు: ఒక కాట్స్‌వోల్డ్స్ రాతి ఇంటి చెమ్మ కేసు

ముందే చెప్తున్నా, ఊరి పేరు, ఓనర్ల పేర్లు, ఏ ఏడాది జరిగింది, ఇవేవీ రాయను, ఫొటోలూ పెట్టను. ఇంగ్లండ్ పల్లెటూళ్ళు ఎంత చిన్నవంటే తలుపు రంగు చెప్తే చాలు, ఏ ఇల్లో పట్టేస్తారు. నా పని పాత కట్టడాలు సర్వే చేయడం, రిపేర్లకి స్పెసిఫికేషన్ రాయడం, పని జరుగుతుంటే వెళ్ళి చూసుకోవడం. చేసిన కేసులన్నిట్లో ఇదే ఎందుకు రాస్తున్నానంటే ఇందులో నేను రెండు తప్పులు చేశా, ఒకటి తొందరలో చేసింది, రెండోది మాత్రం తెలియక కాదు, తెలిసింది కాస్త ఎక్కువై చేసింది.

ఇల్లు ఎలాంటిది

ఇంగ్లండ్‌లో కాట్స్‌వోల్డ్స్ అనే కొండల ప్రాంతం, దాని ఉత్తరం వైపు, కొండ వాలులో ఉన్న ఊరు. అక్కడి రాయి జురాసిక్ కాలం నాటి సున్నపురాయి, దగ్గర పెట్టుకుని చూస్తే చేప గుడ్లు అతికించినట్టు సన్న సన్న గింజలు కనిపిస్తాయి. రాయిలో ఇనుము పాలు ఎక్కువ కాబట్టి ఉత్తరం వైపు ఊళ్ళన్నీ తేనె రంగు, కింద దక్షిణాన బాత్ నగరం వైపు పోయేకొద్దీ వెన్న రంగులోకి తిరుగుతుంది. మెత్తని రాయి, గనిలోంచి తీసినప్పుడు ఇంకా మెత్తగా ఉంటుంది, గాలి తగిలాక పైన కాస్త గట్టిపడుతుంది.

ఇల్లు 1600ల చివరి భాగంలో కట్టిందని కిటికీలని బట్టి, దూలాల చెక్కుడుని బట్టి అంచనా వేశాం. మొదట రెండే గదులు, ఒకటి వంటా బతుకూ అంతా జరిగే పెద్ద గది, రెండోది చిన్నది. పెద్ద గది చివర, త్రికోణంగా పైకి లేచే గేబుల్ గోడలో ఒక మనిషి లోపల నిలబడేంత పొయ్యి, దాని మీద అడ్డంగా ఓక్ దూలం, పొయ్యి పక్కనే గోడలో ఇరుక్కున్నట్టు మెలికలు తిరిగి పైకి పోయే మెట్లు. కిటికీలకి నిలువు రాతి కమ్మీలు, వాటి మీద మన సన్‌షేడ్ లాగా ముందుకొచ్చిన రాతి పట్టీ, వాన నీళ్ళు కిటికీ మీదకి జారకుండా రెండు చివర్లా కిందకి వంగి ఆగిపోతుంది. 1700లలో ఎవరికో కాస్త డబ్బు చేతికొచ్చినట్టుంది, చిన్న గది వైపు పైకీ కిందకీ జరిగే చెక్క సాష్ కిటికీలు పెట్టించారు, తర్వాత వెనకాల పాల గది, ఆ తర్వాత 1970లలో ఒక ఓనరు ఇల్లంతా 'బాగు' చేయించాడు. మాకు వచ్చిన ఇబ్బందుల్లో ముప్పావు వంతు ఆ బాగుచేతలోంచే వచ్చాయి.

గోడ 550 మిల్లీమీటర్ల మందం. ఒకే దిమ్మ కాదు, బయట ఒక వరస రాళ్ళు, లోపల ఒక వరస, మధ్యలో చిన్న రాళ్ళూ మట్టీ సున్నం కలిపి నింపిన కూరుడు, అక్కడక్కడా ఈ మొహం నుంచి ఆ మొహం దాకా పోయే పొడుగు రాళ్ళు రెండు వరసల్నీ పట్టి ఉంచుతాయి. పునాది అని మనం అనుకునేది దాదాపు లేదు, పెద్ద రాళ్ళని మట్టిలో కొంచెం దించి వాటి మీదే లేపేశారు.

కప్పు గురించి కొంచెం ఆగి చెప్పాలి, నాకు ఇష్టమైన భాగం అది. కప్పు మీదవి మట్టి పెంకులు కావు, రాతి పలకలు, మన నాపరాయిని ఇంకా పల్చగా చీల్చి పెంకుల్లా పరిచినట్టు ఉంటాయి. చూరు దగ్గర అన్నిటికంటే పెద్దవి, పైకి పోయేకొద్దీ సైజు తగ్గుతూ శిఖరం దగ్గర అరచేతి కంటే కాస్త పెద్దవి. ఒక్కో పలక నెత్తిన ఒక రంధ్రం, అందులో ఓక్ మేకు, ఆ మేకుతో కింది చెక్క బద్దకి వేలాడుతుంది. రాయి నీళ్ళు పీలుస్తుంది కాబట్టి నీళ్ళు నిలవకూడదు, అందుకే వాలు 50 డిగ్రీలు, ఆ బరువు మోయడానికే లోపల అంతంత దూలాలు. ఈ పలకల్లో పేరున్నవి ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో స్టోన్స్‌ఫీల్డ్ అనే ఊరివి. అక్కడ రాయిని గనుల్లోంచి తీసి శీతాకాలం అంతా ఆరకుండా తడుపుతూ బయట పరిచేవాళ్ళు, గట్టి మంచు పడ్డ రాత్రి లోపలి నీళ్ళు గడ్డకట్టి రాయి దానంతటదే పొరలుగా విడిపోయేది, మంచు పడకముందే ఆరిపోయిందా ఆ రాయి ఇక చీలదు. మంచుతో పని చేయించుకున్న వాళ్ళు వాళ్ళు. నాతో మంచు ఏం చేసిందో కింద వస్తుంది.

ఇల్లు గ్రేడ్ టూ లిస్టెడ్, అంటే కాపాడాల్సిన పాత కట్టడమని ప్రభుత్వం జాబితాలో చేర్చినది. ఇంగ్లండ్‌లో లిస్ట్ చేసిన కట్టడాల్లో 90 శాతానికి పైగా ఈ గ్రేడే, అలా అని చిన్న విషయం కాదు, లోపల బయట రెండూ చట్టం కిందకే వస్తాయి, ఇంటి స్వభావం మార్చే పని అనుమతి లేకుండా చేస్తే 1990 చట్టం ప్రకారం అది నేరం, జరిమానాతోనే పోవాలని లేదు, జైలు కూడా పడొచ్చు.

నన్ను ఎందుకు పిలిచారు

ఓనర్లు రిటైరైన భార్యాభర్తలు, ఇల్లు కొని ఏడాదిన్నర. పెద్ద గదిలో రోడ్డు వైపు గోడ కింద మీటరు దాకా రంగు బుడగలొచ్చి ఊడుతోంది, సోఫా వెనక బూజు, గది తలుపు తీయగానే తడి మట్టి వాసన. బయట రోడ్డు వైపు రాళ్ళ మొహం పొడి పొడిగా రాలుతోంది, పొయ్యి మీది ఓక్ దూలం ఒక చివర స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగిపోతోంది. ఇవి కాక గేబుల్ గోడకి, పొయ్యికి కుడి పక్కన, ఛాతీ ఎత్తులో గొడుగంత తడి మచ్చ ఒకటి.

ఇల్లు కొనేటప్పుడు సర్వే చేసినాయన రెండు సూదుల మీటర్ గోడకి గుచ్చాడు, అది కీచుమంది, 'చెమ్మ ఉంది, స్పెషలిస్ట్‌ని పిలిపించుకోండి' అని రాసి తప్పుకున్నాడు. స్పెషలిస్ట్ అంటే చెమ్మ మందు అమ్మే కంపెనీ, సర్వే ఫ్రీ. ఫ్రీగా చూసిన వాడు ఏం రాస్తాడు, గోడ చుట్టూ రంధ్రాలు వేసి కెమికల్ ఎక్కించాలి, లోపల వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్ కొట్టాలి అని కొటేషన్ ఇచ్చాడు. ఇది చేయించొచ్చా అని అడగడానికే నన్ను పిలిచారు, పూర్తి కేసు అవుతుందని వాళ్ళూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

వద్దన్నా. ఆ మీటర్ కొలిచేది నీళ్ళని కాదు, కరెంట్ ఎంత తేలిగ్గా పారుతుందో కొలుస్తుంది, దాని లెక్కలు చెక్క కోసం చేసినవి. రాతి గోడలో ఉప్పు ఉంటే గోడ పొడిగా ఉన్నా తడి అని చూపిస్తుంది. ఇక కెమికల్, అది పని చేయాలంటే గోడ అడుగున తెగకుండా ఒక పొర ఏర్పడాలి, మధ్యలో మట్టీ రాళ్ళూ ఖాళీలూ ఉన్న కూరుడులో పొర ఎక్కడ ఏర్పడుతుంది, పోసింది పోసినట్టు ఏ సందులోకో కారిపోతుంది. మోకాళ్ళ మీద కూర్చుని స్కర్టింగ్ పైన చూస్తే వరసగా పూడ్చిన డ్రిల్ రంధ్రాలు కనిపించాయి, 1970లలో ఒకసారి ఇదే వైద్యం అయిపోయింది! అది చూపించాక వాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

నేను చేసింది ఏంటంటే గోడలో సన్నగా డ్రిల్ చేసి, వేరు వేరు ఎత్తుల్లో, వేరు వేరు లోతుల్లో పొడి తీసి తూచడం, ఆరబెట్టడం, మళ్ళీ తూచడం. ఇది నిజమైన నీళ్ళ లెక్క. రోడ్డు వైపు గోడ అడుగున 9 శాతం, మీటరు ఎత్తులో 3, పైన ఇంకా తక్కువ, అంటే నీళ్ళు కింది నుంచే వస్తున్నాయి. గేబుల్ మచ్చ దగ్గర మాత్రం తిరగేసి ఉంది, నేల దగ్గర 4, ఛాతీ ఎత్తులో 7. పైన పొగ గొట్టం ఉంది కదా, వాన గొట్టంలో దిగుతోంది, అంతే అని నోట్‌బుక్‌లో రాసుకున్నా.

అప్పుడే ఇంటావిడ ఒక మాట అంది, 'ఆ మచ్చ వాన లేనప్పుడు కూడా వస్తుందండీ' అని. తల ఊపి ముందుకెళ్ళిపోయా.

మొదటి విడత: తీసేయడమే పని

నా ఆలోచన సింపుల్. ఈ ఇల్లు 300 ఏళ్ళు చెమ్మ మందు లేకుండానే నిలబడింది, కాబట్టి దీనికి ఏం తక్కువైంది అని కాదు, మధ్యలో ఏం తెచ్చి అంటించారు అని చూడాలి. చూస్తే లిస్ట్ పొడుగే. బయట సున్నం సందులన్నీ సిమెంట్‌తో పాయింటింగ్ చేశారు, లోపల మీటరు ఎత్తు దాకా సిమెంట్ పూత, దాని మీద జిప్సం, దాని మీద ప్లాస్టిక్ రంగు, నేలలో పాత రాతి బండలు పీకేసి పాలిథీన్ షీట్ మీద కాంక్రీట్. రోడ్డు మీద తారు మీద తారు పడి రోడ్డు ఇంటి నేల కంటే దాదాపు జానెడు పైకి లేచింది.

రాతి గోడ నీళ్ళు తాగుతుంది, తాగిన నీళ్ళు సున్నం సందుల్లోంచి ఆవిరైపోతాయి, సున్నం రాయి కంటే మెత్తన కాబట్టి ఉప్పు, మంచు ఏం చేసినా ముందు సున్నమే పాడవుతుంది, పాతికేళ్ళకో యాభై ఏళ్ళకో సందులు మళ్ళీ నింపుకుంటే చాలు, రాయి అలాగే ఉంటుంది. సిమెంట్ పెడితే లెక్క తిరగబడుతుంది, నీళ్ళు సందులోంచి పోలేక రాయిలోంచి పోతాయి, ఉప్పు రాయి మొహం దగ్గర గడ్డకట్టి దాన్ని పొరలుగా తోసేస్తుంది. ఈ ఇంటి రోడ్డు వైపు గోడ చూస్తే సిమెంట్ గీతలు ఫ్రేములాగా ముందుకొచ్చి నిలబడ్డాయి, వాటి మధ్య రాయి వేలు మందం వెనక్కి పోయింది.

మాకిది కొత్తేం కాదు. కర్నూలు వైపు మా తాత కట్టించిన మిద్దె ఇంటికి రాతి గోడలు, మట్టి కట్టుబడి, నాన్న లోపల సిమెంట్ పూత కొట్టించి ఆయిల్ పెయింట్ వేయించాడు, రెండు వానాకాలాలకి గోడ పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయి, అవ్వ ప్రతి ఉగాదికీ సున్నం కొట్టించుకుని ఉంటే ఈ గోల లేదు కదరా అనేది. నేను ఈ వృత్తిలోకి వచ్చాక అవ్వ చెప్పిందే పెద్ద పెద్ద రిపోర్టుల్లో చదివా. 1877లో ఇంగ్లిష్ రచయిత, డిజైనర్ విలియం మోరిస్ పాత కట్టడాల్ని కాపాడడం కోసం సొసైటీ పెట్టిన దగ్గర్నుంచీ వచ్చిన దారి మాది, మా వాళ్ళ మధ్య సిమెంట్ అంటే బూతు మాట. ఇక్కడే నా కళ్ళకి గంతలు పడ్డాయని తర్వాత అర్థమైంది.

సిమెంట్ పీకేముందు అన్నిటికంటే చవక పని మొదలెట్టాం. ఈ ఇళ్ళకి మొదట గట్టర్లు లేవు, చూరు ముందుకి పొడుచుకొచ్చి నీళ్ళు దూరంగా పడేవి, గట్టర్లు తర్వాత వచ్చాయి. ఇక్కడి పోత ఇనుము గట్టర్ రెండు అతుకుల దగ్గర కారుతోంది, దిగుడు గొట్టం తిన్నగా ఇంటి మూల దగ్గరే నీళ్ళు వదిలేస్తోంది. వానలో గొడుగేసుకుని అరగంట నిలబడి చూశా, గోడ తడిసేది ఎక్కడో కళ్ళ ముందే కనిపించింది. గట్టర్ బాగు చేయించి, గొట్టం నీళ్ళని తోటలోకి దూరంగా తీసుకుపోయాం. తోట వైపు గోడని ఆనుకుని పేరుకున్న మట్టి తీయించాం, అది మాత్రం భయం భయంగా, పునాది అంతంత మాత్రమే కాబట్టి గోడ అడుగు రాయి కంటే కిందకి పార పోకూడదు, ఒకేసారి మొత్తం కాకుండా ముక్కలు ముక్కలుగా తవ్వించా. రోడ్డు వైపు తవ్వడానికి లేదు, రోడ్డు మనది కాదు.

కాంక్రీట్ నేల పీకేసి సున్నం కాంక్రీట్ వేద్దామని ఓనరుగారు ఉత్సాహంగా ఉన్నారు, ఆపాను. అది అన్నిటికంటే ఖరీదైన పని, అనుమతి కావాలి, పీకేటప్పుడు గోడ అడుగు కదిలితే ఇంకో కథ, పైగా ఒకేసారి అన్నీ మార్చేస్తే ఏది పని చేసిందో ఎప్పటికీ తెలీదు. ఒక చలికాలం ఆగి కొలిచి చూద్దామన్నా. ఈ ఒక్క నిర్ణయానికి మాత్రం నాకు నేనే మార్కులు వేసుకుంటా, ఎందుకంటే తర్వాతి ఏడాది కొలతలు చూశాక ఆ నేల జోలికి అసలు పోలేదు.

మేస్త్రి మాట, మంచు దెబ్బ

పాయింటింగ్‌కి వచ్చిన మేస్త్రి అరవై దాటిన మనిషి, ఆ చుట్టుపక్కలే పుట్టి పెరిగినవాడు. కొండ వాలు కదా, గాలి వాన ఎక్కువ కొడుతుంది అని నేను స్పెసిఫికేషన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ 5 రాశా, నీళ్ళలో కూడా గట్టిపడే సున్నం రకాల్లో అన్నిటికంటే గట్టిది. ఆయన కాగితం చూసి రాలుతున్న రాయి ఒకటి తీసి నా చేతిలో పెట్టి గోటితో గీకమన్నాడు. గీత పడింది. 'ఈ రాయికి అంత గట్టి సున్నం పెడితే మీరు తిట్టుకునే సిమెంట్‌కీ దీనికీ పెద్ద తేడా ఏముంది' అన్నాడు. నిజమే, పేరు సున్నం అయినంత మాత్రాన మెత్తగా ఉండాలని లేదు. ఆయన కలిపింది సున్నం పుట్టీ, అంటే నీళ్ళలో నానబెట్టిన సున్నం ముద్ద, పలుకు ఇసుక, ఆ రాయి పొడే కొంత, గట్టిపడడానికి కాస్త ఇటుక పొడి, మన దగ్గర సుర్ఖీ అనేవాళ్ళు చూడండి, అదే. స్పెసిఫికేషన్ మార్చి రాశా.

సిమెంట్ తీయడం కూడా గ్రైండర్‌తో వద్దని ఉలీ సుత్తితోనే, ముందు ఒక చదరపు మీటరు నమూనా చేసి పాత కట్టడాల పనులు చూసే కౌన్సిల్ కన్సర్వేషన్ ఆఫీసర్‌కి చూపించాం. మనం పెట్టుకున్న రూల్ ఒకటే, సిమెంట్ ఊడేటప్పుడు రాయి అంచు కూడా ఊడొస్తుంటే అక్కడ సిమెంట్ వదిలేయాలి. ఐదో వంతు అలాగే వదిలేశాం, చూడ్డానికి అతుకుల బొంత లాగా ఉంది, ఉండనీ.

ఇక నా తొందర తప్పు. బిల్లులు, స్కాఫోల్డింగ్ అద్దె, ఓనర్ల కొడుకు పెళ్ళి, ఇవన్నీ కలిసి అక్టోబర్ చివర్లో పని నడిపించేశాం. సున్నం గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ తీసుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది, 5 డిగ్రీల కంటే చలి దిగితే ఆ పని ఆగిపోతుంది, గట్టిపడకముందు మంచు కొడితే లోపలి నీళ్ళు గడ్డకట్టి సున్నాన్ని విరగ్గొడతాయి. మేస్త్రి ఏప్రిల్ దాకా ఆగుదామన్నాడు, నేనే గోనెపట్టాలు రెండు మడతలు కప్పితే సరిపోతుందిలే అన్నా. నవంబర్ మూడో వారంలో వరసగా నాలుగు రాత్రులు గడ్డకట్టింది, ఉత్తరం మూలలో పాయింటింగ్ ముట్టుకుంటే చక్కెర లాగా రాలింది. స్టోన్స్‌ఫీల్డ్ వాళ్ళు కోరి తెచ్చుకున్న మంచే. ఆ మూల ఏప్రిల్‌లో మళ్ళీ చేయించాం, ఆ ఖర్చు నా ఫీజులోంచి తగ్గించుకున్నా.

ఓక్ దూలం చివర గోడలోకి దిగే చోట 24 శాతం తడి ఉంది, డెత్‌వాచ్ బీటిల్ అనే పురుగు కూడా తిన్నది. కొత్త దూలం పెట్టేయొచ్చు కదా అన్నారు, కానీ చెయ్యి దూరేంత పొడుగే మెత్తబడింది, మిగతా అంతా ఇనుము లాగా ఉంది, 300 ఏళ్ళ దూలాన్ని మూరెడు చివర కోసం ఎవరు పారేస్తారు. చెడ్డ భాగం కోసి కొత్త ఓక్ ముక్క అతికించి, గోడలో అది కూర్చునే చోట కింద పలక రాయి పెట్టి చుట్టూ వేలెడు గాలి వదిలాం. పురుగు మందు కొట్టలేదు, దూలం ఎండితే పురుగు తనంతట తనే తగ్గిపోతుంది.

రోడ్డు వైపు గోడ అడుగున కార్లు చిమ్మే నీళ్ళు ఆగవు, చలికాలం రోడ్డు మీద చల్లే ఉప్పు కూడా వాటితోనే వస్తుంది. గోడకి సున్నం పల్చగా కొడదామన్నా. ఓనరుగారు ససేమిరా, తేనె రంగు రాయి కోసమే ఇల్లు కొన్నామన్నారు. సరదా ఏంటంటే ఇలాంటి ముక్కరాళ్ళ గోడలు చాలావాటికి ఒకప్పుడు సున్నమో పూతో ఉండేది, రాయి కనపడాలని తర్వాతి వాళ్ళు గీకేశారు, మోరిస్ గొడవపడింది కూడా ఇలాంటి గీకుడు మీదే. చివరికి కింద రెండడుగులు మాత్రం రాయి పొడి కలిపి అదే రంగులో పల్చటి సున్నం పూత వేయడానికి ఒప్పుకున్నారు.

గేబుల్ మచ్చ

లోపల సిమెంట్ పూత కొట్టేస్తుంటే పొయ్యి పక్కన గోడ డొల్లగా మోగింది. తీసి చూస్తే గూడు! అడుగు వెడల్పు, అడుగు కంటే కాస్త ఎక్కువ ఎత్తు, కింద ఓక్ పలక చేతులు తగిలి తగిలి నున్నగా అరిగిపోయింది. అందరం సంబరపడ్డాం, కన్సర్వేషన్ ఆఫీసర్ ఫొటోలు తీసుకుంది, ఓనరుగారు అందులో దీపం పెడతానన్నారు. గూడు కింద రాళ్ళ మీద తెల్లగా దూది లాంటి పొర ఉంది, బ్రష్‌తో దులిపేశాం. ఆ రోజు ఎవరికీ ఏమీ తట్టలేదు.

నేను పొగ గొట్టం మీదే ఉన్నా. స్కాఫోల్డింగ్ వేసి గొట్టం మళ్ళీ పాయింటింగ్ చేయించా, కప్పు దాటే చోట సీసం రేకు పెట్టించా, పైన వాన పడకుండా గాలి ఆడే మూత. కప్పులో గబ్బిలాలు ఉన్నాయి, వాటిని ముట్టుకోవడం చట్టరీత్యా నేరం కాబట్టి ఎకాలజిస్ట్ చూసి చెప్పేదాకా రెండు నెలలు ఆగాల్సి వచ్చింది. అంతా అయ్యాక లోపల కొత్త సున్నం ప్లాస్టర్. తర్వాతి వేసవికి రోడ్డు వైపు గోడ అడుగున 9 ఉన్నది 5కి దిగింది, వాసన పోయింది, దూలం 17కి వచ్చింది. గేబుల్ మచ్చ మాత్రం ఉన్న చోటే, ఉన్నంతా ఉంది. కొత్త ప్లాస్టర్ మీద ఇంకా బాగా కనిపించింది.

మొదట గూడు దగ్గర సిమెంట్ ఎక్కడో మిగిలిపోయిందేమో అనుకున్నా, అంటే నా సిద్ధాంతాన్ని వదలకుండా ఇంకో సిమెంట్ కోసం వెతుకుతున్నా. ఇంటావిడ ఏమీ అనకుండా తన తోట డైరీ తెచ్చి ముందు పెట్టింది. ఆవిడ రోజూ పొద్దున్నే తోటలో వాన గేజ్ చూసి రాసుకుంటుంది, నేను పట్టించుకోలేదని ఏడాదిగా మచ్చ గురించి కూడా రాస్తోంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మచ్చ నల్లగా తేలిన రోజులు 11, అందులో 8 రోజులు చుక్క వాన లేదు. ఆ రోజుల పక్కన ఆవిడ రాసుకుంది ఒక్కటే, ఉక్కగా ఉంది. జనవరిలో కుంభవృష్టి పడ్డ వారంలో మచ్చ దాదాపు మాయం, ఆ వారమంతా పొయ్యి వెలిగి గది వెచ్చగా ఉంది.

ఆ పేజీలు చూస్తుంటే నాకు గుర్తొచ్చింది వంటింటి గూట్లో అవ్వ ఉప్పు జాడీ, ముసురు పడితే వాన చుక్క తగలకుండానే జాడీలో కల్లుప్పు నీళ్ళు కారేది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ తేమని లాక్కుని కరుగుతుంది. గోడకి నీళ్ళు పై నుంచీ రావట్లేదు, కింది నుంచీ రావట్లేదు, గదిలో గాలి నుంచే వస్తున్నాయి. పాత పొడి నమూనాలు ఇంకా సీసాల్లో ఉన్నాయి. ఆరబెట్టిన పొడిని 75 శాతం తేమ ఉన్న డబ్బాలో పెట్టి ఎంత పీలుస్తుందో చూసే పరీక్ష ఉంది, మొదట్లోనే చేయాల్సింది, గొట్టమే కారణమని తేల్చేసుకున్నా కాబట్టి మూడు వారాలు ఎందుకు దండగ అని వదిలేశా. ఇప్పుడు చేస్తే గేబుల్ పొడి దాని తడి మొత్తం గాలి నుంచే తిరిగి లాక్కుంది. రోడ్డు వైపు పొడి ఐదో వంతు కూడా లాక్కోలేదు. ల్యాబ్‌కి పంపితే క్లోరైడూ నైట్రేటూ రెండూ బాగా ఎక్కువ అని వచ్చింది.

క్లోరైడ్ అంటే ఉప్పు, నైట్రేట్ అంటే సురేకారం. పల్లెటూరి ఇంగ్లండ్‌లో ఏడాదికి ఒక పందిని మేపి చలికాలం మొదట్లో కోసి, మాంసానికి ఉప్పూ సురేకారం రుద్ది ఊరేసి, పొయ్యి పొగలో వేలాడదీసేవాళ్ళు. ఉప్పు తేమ పట్టకుండా పొయ్యి పక్క గూట్లో పెట్టుకునేవాళ్ళు. మేం దీపం పెడదామనుకున్నది ఉప్పు గూడు. తరాల తరబడి ఆ ఉప్పు నీళ్ళు దిగి దిగి గోడ లోపలి దాకా ఇంకిపోయాయి. గొట్టం మీద పెట్టిన డబ్బు మచ్చ వరకూ వృథానే, గొట్టానికి ఎలాగూ పని కావాల్సిందే అని ఓనరుగారు మర్యాదకి అన్నారు గానీ, అంత తొందరేం లేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఉప్పు తీయగలమా అని చూశాం. కాగితపు గుజ్జూ తెల్ల బంకమట్టీ శుద్ధమైన నీళ్ళలో కలిపి గోడకి మందంగా పట్టించి, ఆరనిచ్చి తీస్తే ఉప్పు అందులోకి లాగబడుతుంది. మొదటిసారి బాగా వచ్చింది, రెండోసారి సగం, మూడోసారి తీసిన నెలకి గోడ మొహం మీద మళ్ళీ మొదటంత ఉప్పు. లోపల అడుగున్నర లోతు దాకా ఉన్నదాన్ని పై నుంచి పీల్చలేం, పైగా మనం తడిపిన ప్రతిసారీ కొంత ఇంకా లోపలికి పోతోంది. ఆపేశాం.

రాళ్ళు మార్చడం కుదరదు, పొగ గొట్టం బరువంతా ఆ గోడ మీదే. వాటర్‌ప్రూఫ్ పూత వేస్తే ఉప్పు పూత అంచు దాకా నడిచి అక్కడ బయటపడుతుంది. బోర్డు కట్టి కప్పేద్దామంటే గూడు పోతుంది, బోర్డు వెనక ఏం జరుగుతోందో కూడా తెలీదు. చివరికి మిగిలింది ఆ చోట మాత్రం బాగా గుల్లగా ఉండే సున్నం ప్లాస్టర్ వేసి, ఉప్పు దాన్ని తినేసినప్పుడల్లా మార్చుకోవడం. గదిలో తేమ ఎగుడుదిగుడు కాకుండా చూసుకోమన్నా, ఎందుకంటే ఉప్పు తడిగా ఉన్నా పర్లేదు, పొడిగా ఉన్నా పర్లేదు, అటూ ఇటూ మారిన ప్రతిసారీ గడ్డకట్టి ప్లాస్టర్‌ని విరగ్గొడుతుంది. డీహ్యూమిడిఫయర్ కొని పగలు ఆన్ రాత్రి ఆఫ్ చేస్తున్నారు, అది మానిపించి హీటింగ్ సన్నగా రోజంతా ఉంచమన్నా. గదిలో తేమ ఎక్కువ రోజులు 55, 65 మధ్య తిరుగుతోంది.

ఇప్పుడు కొత్త ఇంటికి వెళ్తే సమస్య చెప్పేవాళ్ళని ఆపకుండా పది నిమిషాలు మాట్లాడనిస్తా, ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది, వాతావరణం ఎలా ఉన్నప్పుడు, ఇవే అడుగుతా. పొడి నమూనా తీస్తే గాలి తేమ పరీక్ష కూడా అప్పుడే చేయిస్తా, గోడ చూడగానే కారణం తెలిసిపోయినట్టు అనిపించిన చోట మరీ ముఖ్యంగా. గోడలో సిమెంట్ కనిపించిన ప్రతి చోటా తప్పు దానిదే అవ్వాలని లేదు, ఈ ఇంట్లో రోడ్డు వైపు దానిదే, గేబుల్ వైపు కాదు, రెండూ ఒకే గదిలో.

గేబుల్ ప్లాస్టర్ రెండేళ్ళకే కింది అంచు పొడిగా రాలడం మొదలైంది, ఇంకో రెండు మూడేళ్ళు ఆగుతుందేమో. ఆఖరి విజిట్‌కి పోయినప్పుడు మేస్త్రి దగ్గర్నుంచి సున్నం పుట్టీ టబ్ ఒకటి తీసుకెళ్ళి వెనక పాల గదిలో పెట్టా, మూత లోపల కలిపే పాళ్ళు పెన్సిల్‌తో రాసి, సున్నం పైన ఎప్పుడూ రెండు వేళ్ళ నీళ్ళు ఉండేలా చూసుకోమని చెప్పా. ఇంటావిడ అది కూడా డైరీలో రాసుకుంది.